చదువు ఒంటబట్టని పిల్లలు: పరీక్ష వేరు, సర్టిఫికెట్ వేరు, బడిలో సాయం వేరు

కర్నూలైనా, కడపైనా, అనంతపురమైనా, చదువులో వెనకబడిన పిల్లల తల్లిదండ్రులు మొట్టమొదట అడిగేది ఒక్కటే: "సర్టిఫికెట్ ఎక్కడిస్తారు సార్?" అడగాల్సిన మాటే, కాకపోతే మొదట అడగాల్సింది కాదు. సర్టిఫికెట్ చేతికొచ్చేదాకా బడి చేయగలిగిందేమీ లేదని తల్లిదండ్రులూ అనుకుంటారు, టీచర్లూ అనుకుంటారు. అలా మూడో తరగతిలో అందాల్సిన సాయం తొమ్మిదో తరగతికి గానీ అందదు. అప్పటికి పిల్లాడు తనకు చదువు రాదని గట్టిగా నమ్మేసి ఉంటాడు.

ఇక్కడ కలగాపులగమైన పనులు మూడున్నాయి. పిల్లాడికి ఏం కష్టంగా ఉందో, ఎందుకు ఉందో తేల్చే పరీక్ష ఒకటి. ప్రభుత్వ మెడికల్ బోర్డు ఇచ్చే సర్టిఫికెట్ రెండోది. తరగతి గదిలో రోజూ అందాల్సిన సాయం మూడోది. వీటిలో మూడోదానికి మొదటి రెండూ పూర్తయ్యేదాకా ఆగాల్సిన పని లేదు. ఈ వ్యాసంలో నేను చెప్పదలచుకున్నది ప్రధానంగా ఇదే.

ముందు అసలు సమస్య ఎలా కనబడుతుందో చూద్దాం. నాలుగో తరగతి పిల్లాడి తెలుగు డిక్టేషన్ నోటు తెరవండి. "పుస్తకం" అని చెబితే "పుసతకం" అని ఉంటుంది. "చెట్టు" కాస్తా "చెటు" అవుతుంది, "వర్షం" "వరషం" అవుతుంది. వత్తు ఎక్కడో జారిపోతుంది, లేదా పక్క అక్షరం కిందికి చేరుతుంది. దీర్ఘాలు ఒకచోట ఉంటాయి, ఇంకోచోట ఉండవు. ప, వ, ష ఒకదాని బదులు ఒకటి వస్తాయి. మ, య తారుమారవుతాయి. ఇలాంటివి ఒకటో తరగతిలో అందరూ రాస్తారు, అందులో కంగారు పడాల్సిందేమీ లేదు. మూడో తరగతి దాటాక కూడా, అదే పేజీలో అదే మాటను మూడు రకాలుగా రాస్తుంటే మాత్రం ఆలోచించాలి. ఇంగ్లిష్‌లో చిన్న బి, చిన్న డి తిరగబడటం చాలామందికి తెలుసు. మన లిపిలో సమస్య ఎక్కువగా బయటపడేది గుణింతాల దగ్గర, వత్తుల దగ్గర.

ఇంకో సంగతి ఇంట్లోవాళ్లను బాగా మోసం చేస్తుంది. తెలివైన పిల్లలు పాఠం మొత్తం చెవులతో విని కంఠతా పట్టేస్తారు. పుస్తకం పట్టుకుని గడగడా అప్పజెబుతుంటే అమ్మ చదువుతున్నాడనే అనుకుంటుంది. పేజీ మధ్యలో ఒక వాక్యం మీద వేలు పెట్టి చదవమనండి, లేదా చివరి వాక్యం నుంచి పైకి చదివించండి. తడబాటు అప్పుడు తెలుస్తుంది. నోటితో అడిగితే జవాబు చక్కగా చెప్పి, అదే జవాబు రాయమంటే రెండు లైన్ల దగ్గర ఆగిపోయే పిల్లలు వేరు. 52ను 25గా రాసేవాళ్లు, ఐదో తరగతిలో కూడా చిన్న కూడికలకు వేళ్లు లెక్కబెట్టుకునేవాళ్లు వేరు. చదవడంలో ఇబ్బందిని డిస్‌లెక్సియా అని, రాయడంలోదాన్ని డిస్‌గ్రాఫియా అని, లెక్కల్లోదాన్ని డిస్‌కాల్కులియా అని అంటారు. చట్టం వీటన్నిటినీ నిర్దిష్ట అభ్యసన వైకల్యం కింద చేర్చింది. తెలివితేటలకూ దీనికీ సంబంధం లేదు. మెదడు భాషను, అక్షరాన్ని, అంకెను పట్టుకునే తీరులో తేడా ఇది. దీన్ని నయం చేసే సిరప్ లేదు. జ్ఞాపకశక్తి పెంచే టానిక్కుల మీద పెట్టే డబ్బు దండగ. ఏడీహెచ్‌డీ (ధ్యాస నిలవకపోవడం, అతి చురుకుదనం) ఉంటే దానికి డాక్టర్ రాసే మందులు వేరే ఉన్నాయి, అవి పనిచేస్తాయి కూడా. చదవడం రావాలంటే మాత్రం ఓపిగ్గా, ఒక పద్ధతిలో నేర్పించే మనిషి కావాలి.

అయితే చదవలేని ప్రతి పిల్లాడికీ డిస్‌లెక్సియా ఉన్నట్టు కాదు. మన జిల్లాల్లో ఈ మాట మరీ గట్టిగా చెప్పుకోవాలి. కర్నూలు జిల్లా పడమటి మండలాల్లో, కోసిగి, కౌతాళం వైపు, ఏటా ఊళ్లకు ఊళ్లు సుగ్గికి పోతాయి. పత్తి తీయడానికో, మిరపకాయలు కోయడానికో గుంటూరు వైపు వెళ్లే తల్లిదండ్రుల వెంట పిల్లలూ వెళ్తారు. ఏడాదిలో కొన్ని నెలలు బడి ముఖం చూడని పిల్లాడికి వత్తులు రాకపోతే అది బోధన అందకపోవడం వల్ల వచ్చిన లోటు. అలాంటివాళ్ల కోసమే సమగ్ర శిక్ష కింద సీజనల్ హాస్టళ్లు పెట్టారు. అమ్మానాన్న పనికి వెళ్లినా పిల్లాడు ఊళ్లోనే ఉండి చదువుకోవచ్చు.

ఇంటి భాష సంగతి కూడా అంతే. కర్నూలు, కడప, ఆదోని పట్టణాల్లో ఇంట్లో ఉర్దూ, వీధిలో తెలుగు, బడిలో ఇంగ్లిష్ మీడియం చదువు ఒకేసారి మోస్తున్న పిల్లలు ఎందరో. రాయదుర్గం, మడకశిర వైపు ఇంట్లో కన్నడ. మూడు భాషల మధ్య నలిగే ఏడేళ్ల పిల్లాడు నెమ్మదిగా చదివితే దాన్ని జబ్బుగా చూడకూడదు. కష్టం నిజంగా అభ్యసన వైకల్యమైతే అది బాగా వచ్చిన భాషలో కూడా కనబడుతుంది. కాబట్టి పరీక్ష ఎక్కడ చేయించినా, ఏ భాషలో చేశారో అడగండి. ఆ సంగతి రిపోర్టులో రాయించుకోండి. ఇంగ్లిష్ పేరా ఒక్కటి చదివించి తేల్చేసిన రిపోర్టును నేనైతే నమ్మను.

వీటికంటే ముందు చూపించాల్సినవి కళ్లు, చెవులు. బోర్డు కనబడని పిల్లాడు రాసింది తప్పులతడకగానే ఉంటుంది. తరచూ చెవి కారే పిల్లాడికి ప, బ తేడా వినబడకపోవచ్చు. పాఠం మధ్యలో కొన్ని సెకన్లు చూపు నిలిచిపోయి, పిలిచినా పలక్కుండా, మళ్లీ ఏమీ జరగనట్టు ఉండిపోతే దాన్ని పరధ్యానం అని తిట్టేయకండి. ఫిట్స్‌లో అదొక రకం కావచ్చు, పిల్లల డాక్టర్‌కు చూపించాలి. రక్తహీనతతో నీరసపడి చదవలేని పిల్లలకూ మన దగ్గర కొదవ లేదు.

ఇప్పుడు బడి సంగతి. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 2017 ఏప్రిల్ 19 నుంచి అమల్లోకి వచ్చింది. అంతకుముందున్న 1995 చట్టంలో ఏడు రకాల వైకల్యాలే ఉండేవి, అభ్యసన వైకల్యం ఊసే లేదు. కొత్త చట్టంలో 21 రకాలున్నాయి, అందులో ఇదీ ఒకటి. దాని 16వ సెక్షన్ ప్రకారం, ప్రభుత్వ నిధులతో నడిచే బడులే కాదు, ప్రభుత్వ గుర్తింపు ఉన్న ప్రైవేటు బడులు కూడా అభ్యసన వైకల్యాన్ని వీలైనంత తొందరగా గుర్తించి, దానికి తగిన బోధన పద్ధతులు పాటించాలి. ముందు సర్టిఫికెట్ తెస్తేనే గుర్తిస్తామనే షరతు ఆ సెక్షన్‌లో లేదు. గుర్తించడమే బడి పని అని ఉంది. వైకల్య నిర్ధారణకు 2018 జనవరిలో కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాలు ఇంకో అడుగు ముందుకు వేశాయి. మూడో తరగతిలో గానీ ఎనిమిదేళ్ల వయసులో గానీ, ఏది ముందైతే అప్పుడు, టీచర్లే ప్రాథమికంగా పరిశీలన చేయాలి. ప్రతి బడిలో హెచ్‌ఎం అధ్యక్షతన ఒక స్క్రీనింగ్ కమిటీ ఉండాలి. అనుమానం ఉన్న పిల్లలను డాక్టర్ దగ్గరికి పంపాల్సింది ఆ కమిటీ.

చాలా బడుల్లో ఆ కమిటీ పేరు కూడా వినలేదు. అందుకే నోటిమాటతో సరిపెట్టుకోకండి, ఉత్తరం రాయండి. తెల్ల కాగితం మీద, హెచ్‌ఎం పేరున, తెలుగులోనే. పిల్లాడి తరగతి, మీరు గమనించిన కష్టాలు రెండు మూడు, ఎప్పటినుంచి ఉన్నాయో రాసి, "16వ సెక్షన్ ప్రకారం స్క్రీనింగ్ చేయించి, ఈలోపు తరగతిలో తగిన సాయం అందించగలరు" అని అడగండి. రెండో కాపీ మీద అందినట్టు తేదీ వేయించి సంతకం తీసుకోండి. ముందు ముందు పదో తరగతి పరీక్షల్లో మినహాయింపులు అడిగేటప్పుడు, ఈ కష్టం చిన్నప్పటినుంచీ ఉందని చూపడానికి ఆ కాగితం అక్కరకొస్తుంది.

ప్రభుత్వ బడి అయితే ఎంఈఓ ఆఫీసులో సహిత విద్య (ప్రత్యేక అవసరాల పిల్లలకు మామూలు బడిలోనే చదువు) గురించి అడగండి. మండలాల్లో భవిత కేంద్రాలున్నాయి. ప్రత్యేక బోధనలో శిక్షణ పొందిన ఐఈఆర్‌పీలు అక్కడ పనిచేస్తారు, బడులకూ వెళ్లి వస్తుంటారు. భవిత కేంద్రమంటే నడవలేని పిల్లలకో, మాట రాని పిల్లలకో మాత్రమే అని జనంలో ఒక అభిప్రాయం ఉంది. అక్షరం దగ్గర ఇబ్బంది పడే పిల్లాడు కూడా వాళ్ల పరిధిలోకే వస్తాడు. బడి యూడైస్ (ప్రభుత్వ విద్యా సమాచార నమోదు) వివరాల్లో పిల్లాడి పేరు ప్రత్యేక అవసరాల కింద నమోదైందో లేదో కూడా కనుక్కోండి. నమోదు లేకపోతే ప్రభుత్వ లెక్కలో ఆ అవసరమే లేనట్టు, దానికి నిధులూ ఉండవు. ఐఈఆర్‌పీల మీద పని భారం ఎక్కువ, ఆ మాట ఒప్పుకోవాల్సిందే. 2021 అక్టోబర్‌లో సుప్రీంకోర్టు ప్రాథమిక స్థాయిలో ప్రతి పదిమంది ప్రత్యేక అవసరాల పిల్లలకు, ఆ పై తరగతుల్లో ప్రతి పదిహేనుమందికి ఒక స్పెషల్ టీచర్ ఉండాలని చెప్పింది. ఆ లెక్క మన మండలాల్లో నిజమయ్యేదాకా తల్లిదండ్రులు అడుగుతూనే ఉండాలి.

సర్టిఫికెట్ లేకుండా టీచర్ రేపటినుంచే చేయగలిగినవి బోలెడు. పిల్లాడిని ముందు బెంచీలో కూర్చోబెట్టవచ్చు. అందరి ముందూ లేపి పైకి చదివించకుండా ఉండవచ్చు. ఇది చిన్న విషయంగా కనిపిస్తుంది గానీ, బడి అంటేనే కడుపునొప్పి అనే పిల్లల్లో చాలామందికి అసలు టెన్షన్ ఆ ఐదు నిమిషాలదే. బోర్డు మీదిది మొత్తం ఎక్కించమనే బదులు టీచర్ నోట్సు ఫొటో తీసుకోనివ్వవచ్చు. సైన్సు జవాబులో అక్షరదోషానికి మార్కు కోయకుండా, విషయానికి మార్కు వేయవచ్చు. యూనిట్ టెస్టులో పావుగంట ఎక్కువ ఇవ్వవచ్చు, కొన్ని ప్రశ్నలు నోటితో అడగవచ్చు. తప్పు రాసిన మాటను యాభైసార్లు రాయమనే శిక్ష మాత్రం ఆపాలి. ఆ పిల్లాడు దాన్ని యాభైసార్లూ తప్పుగానే రాస్తాడు, చేయి నొప్పి ఒక్కటే మిగులుతుంది.

ఇక పరీక్ష. రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం 2013లో మొదలైంది. పుట్టినప్పటినుంచి పద్దెనిమిదేళ్లదాకా పిల్లల్లో చూడాల్సిన 30 సమస్యల జాబితాలో చదువుకు సంబంధించిన ఇబ్బంది, ఏడీహెచ్‌డీ కూడా ఉన్నాయి. ఆ కార్యక్రమం కింద జిల్లా స్థాయిలో ఏర్పాటు చేసేదే డీఈఐసీ, అంటే సత్వర చికిత్సా కేంద్రం. కర్నూలు, అనంతపురం, కడప ప్రభుత్వ సర్వజన ఆస్పత్రుల్లో పిల్లల విభాగానికి వెళ్లి దీని గురించి అడగడం మంచి మొదలు. వెళ్లేటప్పుడు పిల్లాడి రెండేళ్ల నోటుపుస్తకాలు, ప్రోగ్రెస్ కార్డులు, క్లాస్ టీచర్ రాసిచ్చిన ఉత్తరం, కళ్లజోడు ఉంటే అదీ తీసుకెళ్లండి. నోటుపుస్తకాలు చెప్పినంత వివరంగా మనం నోటితో చెప్పలేం.

ముందు పిల్లల డాక్టర్ చూపు, వినికిడి, నరాల తీరు చూస్తారు. తర్వాత క్లినికల్ సైకాలజిస్ట్ ఐక్యూ (తెలివితేటల స్థాయి) పరీక్ష చేస్తారు. 2018 మార్గదర్శకాల ప్రకారం ఐక్యూ 85 దాటితే అప్పుడు అభ్యసన వైకల్యానికి విడిగా పరీక్షలు పెడతారు. వాటిలో ప్రధానంగా వాడేది బెంగళూరులోని జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ రూపొందించిన పరీక్షల వరస. పిల్లాడి ధ్యాస, చదవడం, రాయడం, అర్థం చేసుకోవడం, లెక్కలు, బొమ్మ చూసి గీయడం, జ్ఞాపకం ఒక్కొక్కటిగా చూస్తారు. ఇదంతా ఒక్క పూటలో తేలే పని కాదు. పదిహేను నిమిషాలు మాట్లాడి రిపోర్టు చేతిలో పెడితే అనుమానించాల్సిందే. ప్రైవేటులో చేయించేవాళ్లు సైకాలజిస్ట్‌కు రిహాబిలిటేషన్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ నంబర్ ఉందో లేదో అడగాలి. అడగడానికి మొహమాటపడకండి, ఆ నంబర్ రిపోర్టు మీదే ఉండాలి. జిల్లాలో తేలకపోతే అనంతపురం వాళ్లకు బెంగళూరు నిమ్హాన్స్‌లోని పిల్లల మానసిక వైద్య విభాగం అందుబాటులోనే ఉంది. కర్నూలు వాళ్లు సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో మేధో వైకల్యం ఉన్నవాళ్ల కోసం నడిచే జాతీయ సంస్థ నీపిడ్‌కు వెళ్లవచ్చు. మేధో వైకల్యం అనుమానం ఉన్నప్పుడు అక్కడికి వెళ్లడం మరీ మేలు.

మంచి రిపోర్టులో పిల్లాడికి ఉన్న ఇబ్బంది పేరు ఒక్కటే ఉండదు. ఏది ఏ తరగతి స్థాయిలో వచ్చో, ఏది బాగా వచ్చో, బడి ఏం చేయాలో, ఇల్లు ఏం చేయాలో కూడా ఉంటుంది. ఆ సూచనలు లేకపోతే రాసివ్వమని అక్కడే అడగండి. టీచర్‌కు పనికొచ్చేది ఆ భాగమే.

ఐక్యూ 70కి, 85కి మధ్య తేలిన పిల్లల సంగతి ఆలోచిస్తే నాకు బాధగా ఉంటుంది. 70 కంటే తక్కువైతే మేధో వైకల్యం కింద చూస్తారు, 85 దాటితే అభ్యసన వైకల్యం పరీక్షకు పంపుతారు. మధ్యలో ఉన్నవాళ్లకు అటూ ఇటూ సర్టిఫికెట్ రాదు. నెమ్మదిగా నేర్చుకుంటాడు అనే ఒక్క వాక్యంతో ఇంటికి పంపేస్తారు. ప్రతి తరగతిలోనూ ఇలాంటి పిల్లలుంటారు. సర్టిఫికెట్‌కూ సాయానికీ ముడిపెట్టకూడదని నేను ఇంతగా చెప్పడానికి అసలు కారణం వీళ్లే. కాగితం రాని ఈ పిల్లలకు కూడా ముందు బెంచీ కావాలి, నోటితో జవాబు చెప్పే అవకాశం కావాలి, ఇంకోసారి విడమరిచి చెప్పే టీచర్ కావాలి.

సర్టిఫికెట్ ఎప్పుడు కావాలి? బడి బయటి అధికారి ఎవరైనా నిర్ణయం తీసుకోవాల్సిన చోట, అంటే బోర్డు పరీక్షల్లో, పై చదువుల సీట్లలో, ఉద్యోగాల్లో. ఎనిమిదేళ్లు నిండాకే ఈ సర్టిఫికెట్ ఇస్తారు. 2018 మార్గదర్శకాల ప్రకారం 14 ఏళ్లప్పుడు, 18 ఏళ్లప్పుడు మళ్లీ పరీక్షించాలి. 18 ఏళ్లకు ఇచ్చినది జీవితాంతం చెల్లుతుంది. ఆ మార్గదర్శకాలను 2024లో సవరించారు, ఇప్పుడేముందో ఆస్పత్రిలో ఒకసారి కనుక్కోండి. మధ్యలో వచ్చే ఈ తేదీలు మర్చిపోయి, పదో తరగతి ముంగిట్లో పాత సర్టిఫికెట్ పట్టుకుని పరుగెత్తే కుటుంబాలు తక్కువేమీ కాదు. మన రాష్ట్రంలో దీనికి దారి సదరం, అంటే ప్రభుత్వ ఆస్పత్రుల్లో వైకల్యాన్ని పరీక్షించి సర్టిఫికెట్ ఇచ్చే ఏర్పాటు. గ్రామ, వార్డు సచివాలయంలో గానీ మీసేవలో గానీ స్లాట్ గురించి అడగండి. సదరం అనగానే ఊళ్లో అందరికీ పింఛనే గుర్తొస్తుంది. "మీ వాడికేమైంది, కాళ్లూ చేతులూ బానే ఉన్నాయి కదా" అనే మాట వినాల్సి రావచ్చు. కంటికి కనబడని వైకల్యాన్ని కూడా చట్టం గుర్తించిందని చెబితే చాలు. దేశమంతా చెల్లే వైకల్య గుర్తింపు కార్డు యూడీఐడీ కూడా ఈ దారిలోనే వస్తుంది.

ప్రైవేటు సైకాలజిస్ట్ రిపోర్టు, మెడికల్ బోర్డు సర్టిఫికెట్ ఒకటి కావు. మొదటిదాంతో బడిలో సాయం అడగవచ్చు, బోర్డు పరీక్షల మినహాయింపులకు రెండోది కావాలి. సర్టిఫికెట్‌లో 40 శాతం గానీ అంతకు మించి గానీ ఉంటే దాన్ని బెంచ్‌మార్క్ వైకల్యం అంటారు. 6 నుంచి 18 ఏళ్లదాకా ఉచిత విద్య, ప్రభుత్వ, ఎయిడెడ్ ఉన్నత విద్యాసంస్థల్లో 5 శాతం సీట్లు లాంటివి ఆ గీత దాటినవాళ్లకు.

పరీక్షల విషయానికొస్తే, అదనపు సమయం, చెబితే రాసిపెట్టే స్క్రైబ్, రెండో మూడో భాషల మినహాయింపు లాంటి మార్పులు చేయాలని చట్టం 17వ సెక్షన్‌లోనే ఉంది. సీబీఎస్‌ఈలో గంటకు 20 నిమిషాల చొప్పున అదనపు సమయం ఇస్తారు, అంటే మూడు గంటల పేపర్‌కు ఇంకో గంట. ఇది పక్క పిల్లల వాటా లాక్కోవడం కాదు, చూపు తగ్గినవాడికి కళ్లజోడు ఎలాంటిదో ఈ గంట అలాంటిది. మన రాష్ట్ర పదో తరగతి పరీక్షలకు దరఖాస్తు హెచ్‌ఎం ద్వారా వెళ్లాలి. నామినల్ రోల్స్ (పరీక్ష రాసే పిల్లల జాబితా) పంపే రోజుల్లో మొదలుపెడితే టైం సరిపోదు. తొమ్మిదో తరగతి మొదట్లోనే సదరం పని చూసుకోవాలి. స్క్రైబ్‌ను తీసుకునే పిల్లాడికి జవాబును వాక్యం వాక్యంగా చెప్పి రాయించుకోవడం అలవాటు ఉండాలి. పరీక్ష హాల్లో మొదటిసారి చెప్పబోతే మాట రాదు. యూనిట్ టెస్టుల్లోనే సాధన చేయించమని అడగండి. ఏ భాష మినహాయించుకోవాలో కూడా ముందు చదవబోయే కోర్సులు చూసుకుని, టీచర్‌తో కూర్చుని తేల్చుకోండి.

మామూలు బడి ఏ రకంగానూ పడకపోతే ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విద్యాపీఠం (ఓపెన్ స్కూల్), జాతీయ స్థాయిలో అలాంటిదే ఎన్‌ఐఓఎస్ ఉన్నాయి. ఎన్‌ఐఓఎస్‌లో సబ్జెక్టులు ఎంచుకోవచ్చు, ఐదేళ్లలో తొమ్మిది అవకాశాలుంటాయి, ఒక్కో సబ్జెక్టు విడిగా పూర్తిచేసుకోవచ్చు. అది ఓటమి కాదు. అయితే బడి తన పని తప్పించుకోవడానికి ఆరో తరగతిలోనే ఆ దారి చూపిస్తుంటే ఒప్పుకోకండి.

కొన్ని ప్రైవేటు బడులు "మీ వాడి వల్ల మా రిజల్ట్స్ పడిపోతాయి, టీసీ తీసుకెళ్లండి" అంటాయి. వైకల్యం కారణంగా వివక్ష చూపకుండా చేర్చుకుని చదువు చెప్పాలన్నది కూడా ఆ 16వ సెక్షన్‌లోనే ఉంది. ఆ మాట రాసివ్వమని అడగండి, సాధారణంగా రాసివ్వరు. మీ ఫిర్యాదు మండలంలో ఎంఈఓకు, జిల్లాలో డీఈఓకు, సమగ్ర శిక్ష కార్యాలయానికి, అక్కడా తేలకపోతే వికలాంగుల రాష్ట్ర కమిషనర్‌కు వెళ్లాలి. చట్టం ఉల్లంఘిస్తే మొదటిసారి 10,000 రూపాయలదాకా, మళ్లీ చేస్తే 50,000 నుంచి 5 లక్షలదాకా జరిమానా ఉంది. పోట్లాట పెట్టుకోమని ఇది చెప్పడం లేదు. ఎక్కువ బడుల్లో టీచర్లు మంచివాళ్లే, ఏం చేయాలో వాళ్లకు ఎవరూ చెప్పలేదు అంతే. రిపోర్టులోని సూచనల పేజీ జిరాక్స్ తీసి క్లాస్ టీచర్ చేతికివ్వండి. ప్రతి జూన్‌లో టీచర్ మారినప్పుడు కొత్తాయనకో కొత్తావిడకో మళ్లీ ఇవ్వండి, పాత టీచర్ చెప్పి ఉంటారులే అని వదిలేయకండి.

ఇంట్లో రెండు ట్యూషన్లు పెట్టడం వల్ల ఈ కష్టం తగ్గదు. బడిలో అర్థం కాని పద్ధతే సాయంత్రం ఇంకో రెండు గంటలు కొనసాగుతుంది, అంతే. రోజుకు ఇరవై నిమిషాలు, పాఠాన్ని పెద్దవాళ్లు చదివి వినిపిస్తే పిల్లాడు తిరిగి చెప్పడం, ఒక రోజు ఒకే వత్తు మీద ఐదారు మాటలు ఇసుకలోనో పలక మీదో పెద్దగా రాయించడం, రాసేటప్పుడు పైకి పలికించడం మేలు. ఆట మాన్పించకండి. బొమ్మలు వేయడమో, కబడ్డీయో, సైకిల్ రిపేరో, వాడికి బాగా వచ్చిన పని ఏదైనా సరే, చదువు వచ్చేదాకా బంద్ అనకండి.

పరీక్షకు తీసుకెళ్లే ముందు పిల్లాడితో ఒక మాట చెప్పండి. ఆస్పత్రి అనగానే ఇంజెక్షన్ అనుకుంటాడు, లేదా తనకేదో పెద్ద రోగమొచ్చిందని భయపడతాడు. అక్కడ చదివిస్తారు, బొమ్మలు చూపిస్తారు, ఆటల్లాంటి ప్రశ్నలు అడుగుతారు, మార్కులు ఉండవు, ఎవరూ తిట్టరు, నీకు ఎలా చెబితే అర్థమవుతుందో తెలుసుకోవడానికే వెళ్తున్నాం అని చెప్పండి. తిరిగొచ్చాక రిపోర్టులో ఏముందో వాడి వయసుకు తగ్గట్టు చెప్పండి. తరగతిలో ఏది కష్టంగా ఉందో, టీచర్ ఏం చేస్తే తేలికవుతుందో వాణ్నే అడిగి, ఆ మాటలు కూడా హెచ్‌ఎంకు ఇచ్చే ఉత్తరంలో చేర్చండి.